ఇత్తడి కంకణం

రెండో గేరూ, ముందు నీ మొర గురించే చెబుతాను.

నవంబరు నెల. అమెరికాలో షార్లెట్ ఊరి చివర చలిపొద్దు. నా ఎర్ర మియాటా కారుకు ఇంకా ఒళ్ళు వేడెక్కలేదు. వీధి మలుపు దాటి, మొదటి గేరులోంచి నీ దగ్గరికి రావాలని రాడ్డును వెనక్కి లాగాను. లోపలినుంచి గర్రుమన్నావు. మినప్పప్పు రుబ్బుతుంటే పొత్రం కింద రాయి పడ్డ చప్పుడది. అమ్మ చెయ్యి ఠక్కున ఆగిపోయి, వేళ్ళు పిండిలో ఆ రాయికోసం వెతుక్కునే చప్పుడు. నా చెయ్యీ అలాగే ఆగింది. రాడ్డు గుండులోంచి అరచేతికి, అరచేతిలోంచి మోచేతిదాకా నీ వణుకు పాకింది. బండిని పక్కకు తీసి ఆపేశాను. వేళ్ళతో వెతుక్కోవడానికి అక్కడ పిండి లేదు. ఉన్నదల్లా చలికి బిగుసుకున్న నూనె, దాని అడుగున నువ్వు.

నిన్ను కసురుకోబుద్ధి కాలేదు. 1992లో హిరోషిమాలో పుట్టి, సముద్రం దాటి వచ్చిన ముప్పై ఏళ్ళు దాటిన ప్రాణానివి. నాకంటే ముందు ఎందరి చేతుల్లో మెలిగావో, ఎవరు నిన్ను నింపాదిగా పలకరించారో, ఎవరు గద్దించి తోశారో నీకే తెలుసు. నా ఇంటికి వచ్చేనాటికే లక్షా అరవై వేల మైళ్ళు తిరిగావు. హైవే మీద ఐదో గేరు ఒక్కసారి పడితే గంటసేపు మళ్ళీ దాని జోలికి పోనక్కర్లేదు. నీకు ఆ తెరిపి ఏదీ? సిగ్నలు పడ్డ ప్రతిసారీ, మలుపు తిరిగిన ప్రతిసారీ, బడి ముందు పిల్లలకోసం నెమ్మదించిన ప్రతిసారీ పిలుపు నీకే.

నువ్వు పుట్టిన ఇంటి సంగతి కూడా చెప్పాలి. ఇద్దరు కూర్చునే, కప్పు తీసేసే, తేలికపాటి బండ్లు ఇంగ్లండులో ఒక్కొక్కటే కనుమరుగైపోయిన కాలమది. వాటిలో ఒకటైన ఎంజీబీ తయారీ 1980తోనే ఆగిపోయింది. అలాంటప్పుడు 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో ఈ చిన్న బండిని నిలబెట్టారు. తయారుచేసినవాళ్ళు 'జిన్‌బా ఇత్తాయ్' అనే మాటను గుండెలో పెట్టుకుని పనిచేశారు. గుర్రమూ రౌతూ ఒకే ఒళ్ళు కావడం అని దాని అర్థం. ఇంజను చూస్తే 1597 సీసీలు, 116 గుర్రాల బలం. పెద్ద బలమేమీ కాదు. బలం తక్కువైన బండికి గేర్లే బతుకు. ఏ మలుపుకు ఏ గేరో తెలుసుకుని, ఉన్న బలాన్ని చిల్లరడబ్బుల్లా లెక్కపెట్టి ఖర్చుచేయాలి. అందుకే రాడ్డును అంత పొట్టిగా, చేతికి అంత దగ్గరగా పెట్టారు. మణికట్టు కాస్త కదిపితే గేరు మారుతుంది. ఈ గుర్రానికి కళ్ళెం అదే. దాని అవతలి కొస నీ చేతిలో ఉంది.

గేర్లు రాసుకుంటున్నాయి అంటారు గానీ, నీ ఇంట్లో పెద్ద చక్రాలు ఒకదాన్నొకటి ఎన్నడూ విడిచిపెట్టవు. ముందుకు నడిపే జతలన్నీ పళ్ళలో పళ్ళు పెట్టుకుని, బండి ఏ గేరులో ఉన్నా తిరుగుతూనే ఉంటాయి. ప్రతి జతలోనూ ఒక చక్రం మాత్రం షాఫ్టుకు కట్టుబడకుండా వదులుగా తిరుగుతుంది. రాడ్డు లాగితే ఫోర్కు కదులుతుంది, ఫోర్కు ఒక స్లీవును నెడుతుంది, ఆ స్లీవు వెళ్ళి వదులు చక్రం పక్కనున్న చిన్నచిన్న పళ్ళను అందుకుని దాన్ని షాఫ్టుకు ముడివేస్తుంది. ముడిపడేది అక్కడ. గర్రుమనేదీ అక్కడే.

ముడిపడాల్సిన ఆ ఇద్దరి వేగాలూ వేరు. ఒకరు రోడ్డు చెప్పినట్టు తిరుగుతుంటారు, ఇంకొకరు ఇంజను చెప్పినట్టు తిరిగి వస్తున్నారు. ఇద్దరి నడుమ ఒక ఇత్తడి వలయం ఉంటుంది. మెకానిక్కులు సింక్రో రింగు అంటారు. నాకు మాత్రం అది కంకణం. చేతికి తొడుక్కునేదానికి అటూ ఇటూగా ఉంటుంది, లోపలివైపు వాలుగా, సన్నటి గాడులతో. స్లీవు కదలగానే అది ముందుగా వెళ్ళి చక్రం మెడను కావలించుకుంటుంది. గాడులు నూనె పొరను చీలుస్తాయి. ఇత్తడి ఉక్కును పట్టుకుంటుంది. ఆ పట్టుకు చక్రం తన ఉరవడి తగ్గించుకుంటుంది. రెండు వేగాలూ ఒకటయ్యేదాకా కంకణం తన అంచు పళ్ళను అడ్డంపెట్టి స్లీవును గుమ్మంలోనే నిలబెడుతుంది. ఒకటి కాగానే కొద్దిగా పక్కకు ఒత్తిగిల్లి దారిస్తుంది. ఇదంతా నేను రెప్పవేసి తీసేలోపు. కలిపిన ప్రతిసారీ తనలోంచి కంటికి ఆననంత ఇత్తడిని నూనెకు సమర్పించుకుంటుంది.

లెక్క వేసి చూస్తే చేతులు జోడించాలనిపిస్తుంది. మొదటి గేరు నిష్పత్తి 3.136, నీది 1.888. మొదటి గేరులో ఇంజను నిమిషానికి 6000 చుట్లు అందుకున్నాక నీ దగ్గరికి రావాలంటే, క్లచ్ ప్లేటు నుంచి నీ దాకా తిరుగుతున్న ఇనుమంతా 3600 చిల్లరకు దిగాలి. 2400 చుట్ల కోపాన్ని ఆ కంకణం ఒక్క కౌగిలిలో చల్లార్చాలి. మూడులోంచి నాలుగుకు వెళ్ళేటప్పుడు దిగాల్సింది 1500 చుట్లే. చాలా పాత బండ్లలో ముందుగా మూలిగేది రెండో గేరే ఎందుకో ఆ తేడా చూస్తే తెలుస్తుంది. ఎక్కువ బరువు మోసినవాడి నడుమే ముందు వంగుతుంది.

ఈ కంకణం లేని రోజులూ ఉన్నాయి. ఎర్ల్ థాంప్సన్ అనే అమెరికన్ ఇంజనీరు ఊహించిన ఈ ఏర్పాటు 1928లో కాడిలాక్ కార్లలోకి వచ్చింది. అంతవరకూ వేగాలు కలపడం మనిషి చెవి పని, కాలి పని. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలకు కూడా మా పెదనాన్న నడిపిన లారీకి సింక్రోలు లేవు. రాజమండ్రిలో లోడెత్తి, మారేడుమిల్లి ఘాటు మీదుగా చింతూరు, అక్కణ్ణుంచి జగ్దల్‌పూర్. వేసవి సెలవుల్లో నన్ను ఇంజను పెట్టె పక్కన గోనెపట్టా వేసి కూర్చోబెట్టేవాడు. ఘాటులో ఆయన కాళ్ళు చూడటమే నాకు సినిమా. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చేవాడు. క్లచ్ వదిలేవాడు. కింది గేరుకు దిగాలంటే ఆ మధ్యలోనే యాక్సిలరేటరు ఒక్క ఊపు ఊపి ఇంజను గొంతు పైకి లేపేవాడు. మళ్ళీ క్లచ్, గేరు. డబుల్ క్లచ్ అంటారు దాన్ని. వెన్నలో కత్తి దిగినట్టు గేరు పడేది. పక్క లోయలోంచి వెదురు వాసన, పైన పొగమంచు, వెనక పది టన్నుల బియ్యం. దిగుడులో గేరు ఊడి, మళ్ళీ పడకపోతే బ్రేకుల మీద ఎంతసేపని నమ్మకం పెట్టుకుంటాం? ఆయన ముఖంలో ఎప్పుడూ ఆ భయం చూడలేదు. "బండే చెబుద్దిరా, విను. వినబడ్డాకే వెయ్యి" అనేవాడు.

ఆయనకే ఫోను చేశాను. రాజమండ్రిలో అప్పుడు రాత్రి. అరుగు మీద మడతమంచం వాల్చుకుని ఉన్నాడు.

"అన్ని గేర్లూ అరుస్తున్నాయా, ఒక్కటేనా?" అన్నాడు.

"ఒక్క రెండోదే పెదనాన్నా."

"రివర్సు?"

"సాఫీగా పడుతోంది."

"అయితే క్లచ్ బాగానే విడిపోతోందిరా. అన్నీ అరిస్తే క్లచ్ సంగతి చూసుకోవాలి. ఇది లోపల అరిగిపోయింది. తప్పు బండిది కాదు, వయసుది."

వేల మైళ్ళ అవతలినుంచి, కారును చూడకుండా, తాకకుండా చెప్పాడు. అయినా ఒక ఆశతో పక్కనున్న క్లచ్ స్లేవ్ సిలిండరు విప్పి చూశాను. ఈ బండ్లలో దాని రబ్బరు సీళ్ళు తరచూ కారుతుంటాయి. అది పొడిగా, ఆరోగ్యంగా ఉంది. ఇక నీ నూనె దించాను. రెండు లీటర్లు. పళ్ళెంలో పడ్డాక టార్చి వేసి చూశాను. నల్లటి నూనెలో బంగారు రజను మెల్లగా సుళ్ళు తిరుగుతోంది. గోదావరి ఇసుకలో అభ్రకం తళుక్కుమన్నట్టు. ఉక్కుపొడి అయితే అయస్కాంతానికి అంటుకునేది. ఇది అంటుకోలేదు. ముప్పై ఏళ్ళుగా నువ్వు కొంచెం కొంచెంగా ఇచ్చుకున్నదంతా, కనీసం నా కంట పడ్డ ఆ చివరి భాగం, నా పళ్ళెంలో ఉంది. దాన్ని పారబోయడానికి చాలాసేపు చెయ్యి రాలేదు. కొత్త నూనె పోశాను. ఇత్తడిని తినని రకం చూసి, జీఎల్-4 అని రాసి ఉన్నదే తెచ్చాను. గంధకం ఎక్కువగా ఉండే కొన్ని గేరాయిళ్ళు ఉక్కును కాపాడతాయి గానీ ఇత్తడిని మెల్లగా కొరుకుతాయి.

నూనె మార్చాక వేడెక్కితే కాస్త నెమ్మదించావు, చలిలో మళ్ళీ మామూలే. ఆ శీతాకాలమంతా మనిద్దరం పెదనాన్న చెప్పినట్టే బతికాం. కొట్టులో పచారీ సామాను కొనడానికి వెళ్ళినా డబుల్ క్లచ్చే. ఒకటిలోంచి న్యూట్రల్‌కి వచ్చి, క్లచ్ వదిలి, ఇంజను గొంతు దిగేదాకా ఒక్క ఊపిరి ఆగి, మళ్ళీ తొక్కి నిన్ను పిలిచేవాణ్ణి. నీ కంకణం చేయలేని పని నా చెవి చేయాలి. మొదటి వారం పదిసార్లలో ఏడుసార్లు గర్రుమన్నావు. నెల తిరిగేసరికి నా కాలికి నీ పాట పట్టుబడింది. రేడియో పెట్టడం మానేశాను. కిటికీ అద్దాలు దించుకుని, చలికి చెవులు ఎర్రబడినా, నీ మాట వినడానికే నడిపాను. అంతకుముందు ఎనిమిదేళ్ళు ఆ కారు నా దగ్గరే ఉంది. నిన్ను ఒక్కసారైనా విన్నానని చెప్పలేను.

మార్చిలో నిన్ను టెనెసీ, నార్త్ కరోలినా సరిహద్దుకు తీసుకెళ్ళాను. యూఎస్ 129 మీద పదకొండు మైళ్ళలో 318 మలుపులు. డ్రాగన్ తోక అంటారు ఆ దారిని. అక్కడ రాజ్యం రెండో గేరుది, మూడో గేరుది. మూడులోంచి నీకు దిగిన ప్రతిసారీ పాదం మడమతో యాక్సిలరేటరు ఊపాను, మునివేళ్ళు బ్రేకు మీదే ఉంచి. 318లో నువ్వు రెండుసార్లే కసిరావు. చివర రోడ్డు పక్కన ఆపి ఇంజను కట్టేశాక, వేడెక్కిన ఇనుము టిక్కుటిక్కుమంటుంటే, ఇక నిన్ను ఇలా కష్టపెట్టకూడదనుకున్నాను.

నిన్ను దించడానికి రెండు రోజులు పట్టింది. కారును నాలుగు స్టాండ్ల మీదికెత్తి, నీకూ డిఫరెన్షియల్‌కూ నడుమ వెన్నెముకలా ఉండే అల్యూమినియం చట్రాన్ని విప్పాను. ప్రొపెల్లర్ షాఫ్టును మళ్ళీ అదే వాటాన బిగించడానికి సుద్దతో గీత గీసి తీశాను. ఇంజను వెనక పైభాగంలో ఉన్న బోల్టులు కంటికి కనబడవు. చెయ్యి చాపి, వేలికొసలతో తల తడిమి, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ తగిలించి తిప్పాలి. ముప్పై కిలోల పైనే బరువున్నావు. జాకీ మీద నెమ్మదిగా, అంగుళం అంగుళం వెనక్కి జరుపుతూ దింపాను. నేల మీద పాత దుప్పటి పరిచి పడుకోబెట్టాను. బయటినుంచి చూస్తే బూడిద రంగు అల్యూమినియం పెట్టెవి. ఆ పెట్టెను అంతసేపు చూస్తూ కూర్చుంటానని అనుకోలేదు.

విప్పడం, పుల్లరుతో బేరింగులు లాగడం, ఒక్కో ముక్కనూ వచ్చిన వరసలోనే గుడ్డ మీద పేర్చడం, ఇవి ఓపిక పనులు. ఆ వరస తప్పితే మళ్ళీ నువ్వు నువ్వు కావు. చివరికి కంకణం చేతికొచ్చింది. కొత్తదాన్ని పక్కన పెట్టాను. కొత్తదాని గాడులు వేలిగోటికి గరగరమని తగిలాయి. పాతదాని లోపలివైపు అమ్మమ్మ చేతి గాజులా నున్నగా ఉంది. చక్రం మెడకు తొడిగి నొక్కితే, మధ్యలో ఉండాల్సిన సందు దాదాపు లేదు. పట్టుకోవడానికి ఏమీ మిగలక, ఆ చివరి రోజుల్లో మెడ మీద జారిపోతూ కూడా అడ్డుపడాలనే చూసిందన్నమాట. అంచు పళ్ళ కొసలు విరిగి గుండ్రబడ్డాయి. పెద్ద చక్రాల పళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. దెబ్బలన్నీ అదే తిన్నది.

కొత్త కంకణాన్ని నూనెలో ముంచి తొడిగాను. బేరింగులు వేడిచేసి కూర్చోబెట్టాను. నువ్వు మళ్ళీ బండిలోకి ఎక్కిన సాయంత్రం వాన వెలిసింది. రెండు లీటర్ల కొత్త నూనె, రాడ్డు అడుగు గిన్నెలో మరికాస్త, కొత్త రబ్బరు తొడుగు. వీధి చివరిదాకా తోసుకుంటూ వెళ్ళినంత నెమ్మదిగా వెళ్ళి, ఫోను స్పీకరులో పెట్టి, పక్క సీటు మీద ఉంచాను. రాజమండ్రిలో అప్పుడే తెల్లవారుతోంది. వెనకాల పాలవాడి సైకిలు బెల్లు వినిపించింది.

"వేస్తున్నాను పెదనాన్నా."

క్లచ్ తొక్కాను. డబుల్ క్లచ్ చెయ్యలేదు. ఒకటిలోంచి నిన్ను పిలిచాను. వచ్చావు.

కాసేపు ఆయన మాట్లాడలేదు. "ఏమీ వినబళ్ళేదురా" అన్నాడు తర్వాత.

"పడింది పెదనాన్నా."

అటువైపు మంచం కిర్రుమంది. లేచి కూర్చున్నట్టున్నాడు.

"ఏదీ, మళ్ళీ వెయ్యి."