కదలు గవాక్షము

ఒకే కాలమున నడచు రెండు సంఖ్యాశ్రేణుల నడిమి బంధము ఎల్లప్పుడు ఒక్క తీరున నుండదన్న అనుమానము కలిగినపుడు, మొత్తమునకు ఒకే సహసంబంధ గుణకమును కట్టి ఊరకుండక, కొన్నేండ్ల వెడల్పు గల గవాక్షమును ఒక్కొక్క యేడు చొప్పున ముందుకు జరుపుచు, జరిపిన ప్రతిచోటను గుణకమును మరల గణించుట మా వృత్తిలో చిరకాలపు వాడుక. 1999లో కృష్ణకుమార్, రాజగోపాలన్, కేన్ అను శాస్త్రజ్ఞులు ఎల్‌నినోకును భారత ఋతుపవన వర్షమునకును గల బంధమును 21 ఏండ్ల గవాక్షముతో పరిశీలించి, అది ఇటీవలి దశాబ్దములలో సడలినదని ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిరి. రాయలసీమను మాడ్చిన 1876–78 నాటి కరవు ప్రబలమైన ఎల్‌నినోతో కూడినదే. కాని 1997లో అంతటి ఎల్‌నినో వచ్చియు మన వానలు సగటునకు తగ్గలేదు.

పైథాన్‌లో పాండాస్ ఉన్నవారికి ఈ గణన ఒక్క పంక్తి పని. తొలి 20 గడులు ఖాళీగా వచ్చును. ప్రతి ఫలితము గవాక్షపు చివరి యేటి కెదురుగా పడును గనుక, నడిమి యేటికి చేర్పగోరువారు దానిని 10 గడులు వెనుకకు జరుపవలెను.

అసలు చిక్కు ఫలితమును చదువుటలో నున్నది. ఇరుగుపొరుగు గవాక్షములు రెంటికిని 20 ఏండ్లు ఉమ్మడి యగుటచే, కేవల యాదృచ్ఛికములైన హెచ్చుతగ్గులు కూడ నునుపైన అలవలె లేచి పడి, ఏదో గొప్ప చరిత్ర నడచినట్లు కన్నులకు తోచును. నిజమైన బంధము –0.6 వద్ద నిశ్చలముగా నున్నను, 21 ఏండ్ల గవాక్షమున గుణకము –0.23 మొదలు –0.82 వరకు తిరుగాడుట వింత కాదు! గెర్షునోవ్, ష్నైడర్, బార్నెట్ 2001లో ఈ మాటనే ఎత్తి, ఋతుపవన బంధమునందలి దశాబ్దాల ఒడుదుడుకులు యాదృచ్ఛికతచేతనే కలుగవచ్చుననియు, పైగా అవి యాదృచ్ఛికత కలిగింపదగినంతకంటెను తక్కువగనే ఉన్నవనియు నిరూపించిరి. ఈ వాదమే నాకు సమంజసముగ తోచుచున్నది.

కావున ఏ రేఖనైనను వ్యాఖ్యానింపబూనుటకు ముందు, మొత్తము శ్రేణి గుణకమే స్థిరముగా గల కృత్రిమ శ్రేణుల జంటలను వేయింటిని కంప్యూటరుచే పుట్టించి, అదే గవాక్షమును వానిపైని నడిపి, ఒక్కొక్క జంట రేఖ ఎంతమేర ఊగినదో కొలుతును. అసలు రేఖ ఊపు వానిలో 950 జంటల ఊపును మించినయెడలనే సముద్రమున ఏమి మారెనని వెదుక నారంభింతును.