మోర్ శబ్దవిచారము

ఐరోపాఖండపు పశ్చిమోత్తరభాషలలో "మోర్" అను చిన్న పదము విచారణార్హమై యున్నది. ఐరిషుభాషలో దీనికి గొప్ప, పెద్ద యని యర్థము. వెల్షు, కార్నిషు, బ్రెటనుభాషలలో నిది సముద్రవాచకము. స్వీడిషున నిది తల్లికి పేరు. అచట వ్రాఁత మోర్ అయినను ఉచ్చారణము మూర్ అనుదానికి సమీపము. సముద్రము పెద్దది, తల్లి గొప్పది; కావున మూఁడర్థములు నొక్క మూలమునుండియే పుట్టెనని తోఁచుట సహజము. ఊహ రమ్యమే కాని పరీక్షకు నిలువదు.

ఇట్టి యూహలు మహామేధావులను సైతము త్రోవ తప్పించినవి. ఉప్సాలా విశ్వవిద్యాలయాచార్యుఁడగు ఊలోఫ్ రుడ్‌బెక్, 1679లో ప్రకటింప నారంభించిన అట్లాంటికా గ్రంథమున, ప్లేటో వర్ణించిన అట్లాంటిసు స్వీడనుదేశమే యని వాదించి, గ్రీకుపురాణనామములకు స్వీడిషు వ్యుత్పత్తులను గల్పించెను. శరీరమునందలి లసికానాళములను పరిశోధించి కీర్తి గాంచిన యాతనికి బుద్ధి కొఱఁత లేదు. దేశాభిమానము ప్రమాణమును మ్రింగుటయే దోషము. వేల్సుదేశీయుఁడగు ఎడ్వర్డ్ లూయిడ్ మార్గము వేఱు. ఆతఁడు 1707 నాఁటి ఆర్కియాలజియా బ్రిటానికాయందు కెల్టికుభాషల పదములను ప్రక్కప్రక్కన నిలిపి, యే వర్ణ మే భాషలో నెట్లు మాఱునో పరిశీలించెను. 1853లో వెలువడిన ట్సాయిస్ పండితుని గ్రామాటికా కెల్టికా ప్రాచీనలిఖితములను ఆధారముగాఁ గొని యీ శాస్త్రమును సుస్థిర మొనర్చెను.

ఈ మార్గమున మోర్ శబ్దమును బరీక్షింపవలెను. స్వీడిషు మోర్ పూర్వరూపము మోదెర్. నడిమి దకారము లోపించినది. సోదరవాచకమగు బ్రోదెర్ బ్రోర్ అగుటయు, పితృవాచకమగు ఫాదెర్ ఫార్ అగుటయు నిట్టివే. మూలభాషయందలి దీర్ఘాకారము జర్మానికుశాఖలో ఓకారమగును గాన, మోదెర్ సంస్కృత మాతృశబ్దమునకును, ఐరిషు మాహిర్ శబ్దమునకును జ్ఞాతి. వెల్షున తల్లికి మామ్ అను పదము నిలిచినను, పినతల్లి మొదలగువారికి వాడు మోద్రిబ్ అను మాటలో నా ప్రాచీనధాతువు నేఁటికిని దాఁగియున్నది.

ఐరిషు మోర్ శబ్దమునకు ప్రాచీనలిఖితములలో మార్ అను రూపమును గలదు. వెల్షున దీని జ్ఞాతి మౌర్. సీజరు పేర్కొనిన ఇందుతియోమారుస్ అను గాలుదేశనాయకుని నామమునఁ గడపటి భాగ మిదియే. ఇంగెమార్ అను స్వీడిషు నామాంతమున నున్న, ప్రసిద్ధుఁడను నర్థము గల పదము దీనికిఁ జుట్టము.

సముద్రవాచకమగు వెల్షు మోర్ శబ్దమునకు ఐరిషు జ్ఞాతి ముయిర్, లాటిను జ్ఞాతి మారె. మూలభాషయందలి హ్రస్వ ఒకారము జర్మానికుశాఖలో అకారమగును. కావుననే ప్రాచీననార్సున సముద్రమునకు మర్ర్ అని పేరు. స్వీడిషున మార్‌స్విన్, అనఁగా సముద్రపుఁబంది, యను సమాసమున నా మాట నేఁటికిని నిలిచియున్నది. ఆ పేరు నేఁడు గినీపందికిఁ జెల్లుచున్నది.

ఇందువలన నొక విపరీతము తేలుచున్నది. ఒక్కరూపమున నున్న ఐరిషు, వెల్షు, స్వీడిషు పదములు మూఁడును పరస్పరము అన్యములు. చెవికి దూరముగాఁ దోఁచు మోర్, ముయిర్, మర్ర్ శబ్దములు సోదరములు. ఏ భాషలో వ్యుత్పత్తి చెప్పువారైనను పూర్వరూపమును జూపి, వర్ణపరిణామనియమమును దెలిపి, అదే నియమము మఱి రెండు పదములందుఁ బ్రవర్తించుట నిరూపించిననే వారి మాట గ్రాహ్యమగును. బ్రోర్, ఫార్ శబ్దములు లేనిచో మోర్ శబ్దమున దకారలోపము వట్టి యూహగానే మిగిలి యుండును.