అనుకృతి నేర్పేది, నేర్పలేనిది

తైలవర్ణ చిత్రకళ నేర్చుకునేవారు ఇష్టంగా నకలు తీసే చిత్రాలలో ఒకటి ఇప్పొలీత్ ఫ్లాండ్రిన్ గీసిన 'సముద్రతీరాన కూర్చున్న నగ్న యువకుడు'. ఆంగ్ర్ శిష్యుడైన ఫ్లాండ్రిన్ 1832లో రోమ్ బహుమతి గెలిచి, ఇటలీలో ఉన్న కాలంలో, 1836 నాటికి దీన్ని పూర్తిచేశాడు. ఇప్పుడిది లూవ్ర్‌లో ఉంది. ఇందులో పురాణమూ లేదు, కథా లేదు. మోకాళ్ళ మీద తల వాల్చుకున్న ఒక మనిషి, రాయి, సముద్రం, అంతే. అందుకే దీన్ని అభ్యాసచిత్రం అన్నారు.

ఇలాంటి చిత్రానికి నకలు తీయడం వల్ల మేలు లేకపోలేదు. కొలతలు సరిచూడటం, ముందు ఒకే రంగులో వెలుగునీడలు నిర్ణయించుకోవడం, ఆపైన రంగులు వేయడం అలవడతాయి. పదార్థ స్వభావమూ తెలుస్తుంది. రియాద్ పొడిగాలిలో టర్పెంటైన్ ఇట్టే ఆవిరవుతుంది. లిన్సీడ్ నూనె మాత్రం ఆవిరై ఎండదు. ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది. కాబట్టి కింది పొరల్లో నూనె తక్కువగా, పై పొరల్లో ఎక్కువగా ఉండాలి. ఈ క్రమం తప్పితే పై పొర పగులుతుంది.

అయితే వైద్యుడి కంటికి ఈ చిత్రంలో మరొకటి కనిపిస్తుంది. నడుము ఇంతగా వంచినప్పుడు చర్మం కింద వెన్నుపూసల కొనలు పొడుచుకు రావాలి. ఫ్లాండ్రిన్ వాటిని అణచి, వీపును దాదాపు ఒకే వంపుగా సాగనిచ్చాడు. ఇది అజ్ఞానం కాదు, ఎంపిక. సజీవ దేహాన్ని చూసి, ఏది వదలాలో ఆయన నిర్ణయించుకున్నాడు. నకలు తీసేవాడికి ఆ నిర్ణయం అందుతుంది గాని, దాని వెనక వదిలేసినదేమిటో అందదు. అట్లాసు మాత్రమే చదివి శవపరిచ్ఛేదం చేయని వైద్య విద్యార్థిదీ ఇదే స్థితి.

తెలుగువారికి దామెర్ల రామారావు (1897–1925) ఉదాహరణ దగ్గరిది. రాజమండ్రి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించాడు. 1916లో ఆయన బొంబాయి జె.జె. కళాశాలలో చేరి, పాశ్చాత్య అకడమిక్ పద్ధతిలో దేహనిర్మాణం నేర్చుకున్నాడు. ఆ చదువుతో ఐరోపా దేవతలను తిరగగీయలేదు. 'ఋష్యశృంగ బంధనం' వంటి చిత్రాలు వేశాడు. రాజమండ్రికి తిరిగివచ్చి శిష్యులను తయారుచేశాడు. ఇరవై ఏడేళ్ళకే మరణించినా ఆయన చిత్రాలు మనవిగా నిలవడానికి కారణం, నేర్చిన పద్ధతిని తాను చూసిన మనుషుల మీద ప్రయోగించడమే.

సౌదీలోనూ ఇలాంటి దారే కనిపిస్తుంది. 1968లో జెద్దాలో మునీరా మోస్లీతో కలిసి ప్రదర్శన ఏర్పాటుచేసిన సఫేయా బిన్‌జగర్, హిజాజ్ ప్రాంతపు పెళ్ళిళ్ళను, దుస్తులను, ఇళ్ళను చిత్రాల్లోకెక్కించింది. ఆమె చిత్రాల్లో దేహనిర్మాణ పాండిత్యం కంటే, కనుమరుగవుతున్న జీవితాన్ని నమోదు చేయాలన్న పట్టుదల ఎక్కువ. అకడమిక్ కొలతలతో చూస్తే అది లోపమనవచ్చు. కాని ఏది వదలాలో, ఏది ఉంచాలో ఆమె స్వయంగా నిర్ణయించుకుంది.

ఇక్కడ నాబోటి అభ్యాసకుడికి నగ్న మోడల్ తరగతి దొరకదు. అంతమాత్రాన తెరమీది బొమ్మలకు వరసగా నకళ్ళు తీస్తూ పోనక్కర్లేదు. ఒక్క నకలు శ్రద్ధగా పూర్తిచేసి, అదే భంగిమలో, అదే వెలుగులో, నిండుగా బట్టలు కట్టుకున్న ఇంటి మనిషిని కూర్చోబెట్టి గీయాలి. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఫ్లాండ్రిన్ ఏం వదిలాడో తెలుస్తుంది. మనం ఏం వదలాలన్న ప్రశ్న కూడా అప్పుడే మొదటిసారి ఎదురవుతుంది.