బిగ్‌ఫుట్: పాదం ఒక్కటే మిగిలిన పేరు

'బిగ్‌ఫుట్' అన్న పేరులో నాకు కనిపించేది పాదం ఒక్కటే. అందులో అడవి లేదు, కథ చెప్పినవాళ్ళు అసలే లేరు. ఆ పేరు ప్రచారంలోకి వచ్చిన తీరూ అలాంటిదే. 1958లో ఉత్తర కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీక్ దగ్గర, రోడ్డు పనివాళ్ళకి మట్టిలో పెద్ద పెద్ద అడుగుజాడలు కనిపించాయి. హంబోల్ట్ టైమ్స్ పత్రిక వార్త వేసింది, పేరు దేశమంతా పాకింది. ఆ పని కాంట్రాక్టరు రే వాలెస్ 2002లో చనిపోయాక, అవి ఆయన చేసిన తమాషా అంటూ కుటుంబం చెక్క పాదాలు బయటపెట్టింది.

అంతకు చాలా ముందే కెనడాలో ఇంకో పేరుంది: సాస్క్వాచ్. బ్రిటిష్ కొలంబియాలోని చెహాలిస్ రిజర్వులో టీచరుగా పనిచేసిన జె.డబ్ల్యు. బర్న్స్, అక్కడి హాల్కొమేలెం భాషలోని 'సాస్‌కెట్స్' అన్న మాటని ఇంగ్లీషు నోటికి పట్టేలా మలిచాడు. 1929లో మెక్లీన్స్ పత్రికలో రాశాడు. మాట కొంచెం అరిగింది, నిజమే. అయినా బర్న్స్ విని రాసుకున్న కథల్లో వీళ్ళు మాట్లాడతారు. ఒంటినిండా జుట్టున్నా మనుషుల్లాంటివాళ్ళే, అడవిలో ఉండే పొరుగువాళ్ళు.

బిగ్‌ఫుట్ అనగానే ఆ పొరుగువాడి నోరు మూతపడింది. 'ఏమన్నాడు?' అని అడగాల్సిన చోట 'సాక్ష్యమేది?' అని అడగడం మొదలైంది. 1967లో ప్యాటర్సన్, గిమ్లిన్ తీసిన నిమిషం కూడా లేని ఫిల్మ్ మీద ఇప్పటికీ వాదనే. ఈ వేటలో నన్ను ఇబ్బంది పెట్టేది మోసం కాదు, ఆదివాసుల కథలన్నిటినీ సాక్షుల వాంగ్మూలాల్లా వాడుకోవడం. క్వాక్వాకవాక్వ్ వాళ్ళ జునుక్వానే తీసుకోండి. పిల్లల్ని బుట్టలో వేసుకుపోయే అడవి ఆడమనిషి, అదే సమయంలో సంపదనిచ్చేది కూడా. వాళ్ళ పాట్లాచ్ వేడుకల్లో ఆమె ముసుగుకి చోటుంది. ఆమెని 'ఆడ బిగ్‌ఫుట్' అనేస్తే బుట్టా పోతుంది, సంపదా పోతుంది. మిగిలేది జుట్టే.

మనమేం తక్కువ తినలేదు. 2019లో భారత సైన్యం మకాలు దగ్గర అడుగుజాడల ఫోటోలు పెట్టినప్పుడు, తెలుగు వార్తల్లో షెర్పాల 'యెటి' కాస్తా 'యతి' అయిపోయాడు. అంటే సన్యాసి! కాకపోతే పద్యంలో యతి. నవ్వొస్తుంది గానీ, పరాయి కథని మన అక్షరాల్లో ఇరికించడం ఎంత తేలికో చూడండి.

చెహాలిస్ వాళ్ళు ఇప్పుడు తమని స్టసేలిస్ అని సొంత పేరుతోనే పిలుచుకుంటున్నారు, సాస్‌కెట్స్ బొమ్మని తమ చిహ్నంగా పెట్టుకున్నారు. చెక్క పాదాలు బయటపడితే బిగ్‌ఫుట్ పరువు పోవచ్చు. సాస్‌కెట్స్‌కి వచ్చిన నష్టమేమీ లేదు, అతను ఎప్పుడూ పాదముద్రల మీద ఆధారపడలేదు కాబట్టి.