క్రీచర్ తెచ్చే సాండ్‌విచ్

హ్యారీ పోటర్ రెండో పుస్తకంలో (1998) మాల్ఫోయ్‌ల ఇంట్లో చాకిరీ చేసే డాబీ అనే ఎల్ఫ్‌కి ఒక పాత సాక్సుతో విముక్తి దొరుకుతుంది. మనం చప్పట్లు కొడతాం. నాలుగో పుస్తకంలో (2000) హెర్మయినీకి తెలుస్తుంది, హాగ్వార్ట్స్ విందులు వండేది కూడా జీతంలేని ఎల్ఫులేనని. ఆమె సంఘం పెడితే రాన్ వెక్కిరిస్తాడు, హ్యాగ్రిడ్ చేరనంటాడు. వాళ్ళకి ఆ పనే ఇష్టమట! ఈ మాట మన ఇళ్ళల్లోనూ విన్నదే కదా. రౌలింగ్ దాన్ని చాలావరకు నవ్వులాటగానే నడిపించారు.

చివరి పుస్తకంలో (2007) అదే ఎల్ఫులు వంటగది కత్తులతో యుద్ధంలోకి దిగుతారు. గెలిచాక హ్యారీకి వచ్చే ఆలోచన? తనకి ఆస్తితోపాటు సంక్రమించిన క్రీచర్ సాండ్‌విచ్ తెచ్చిపెడతాడేమోనని! వోల్డెమార్ట్ పోయాడు. వంటగది మాత్రం అలాగే ఉంది.