కల్పిత రాజ్యాల తీర్మానాలు: ఒక వాక్య పరిశీలన

తీర్మానం కూడా ఒక రచనాప్రక్రియే అంటే మనలో చాలామంది నవ్వుతారు. మహాసభ చివరిరోజు మధ్యాహ్నం, సగంమంది బస్సుల వేళలు చూసుకుంటూ ఉండగా, వేదిక మీద ఒకరు గబగబా చదివేది, కింద ఉన్నవాళ్లు చేతులెత్తేది తీర్మానమని మనకు అలవాటైపోయింది. ఒక గేయానికి వెచ్చించే శ్రద్ధలో పదోవంతు కూడా దానికి వెచ్చించం. ఇందుకు నేను మినహాయింపు కాదు. ఈ అలవాటును నాలో కదిలించినవాడు నా దగ్గర పదో తరగతి చదువుకుని ఇప్పుడు ఇంజనీరింగు కాలేజీలో ఉన్న ఒక కుర్రవాడు. వేసవి సెలవుల్లో ఇంటికి వచ్చి, సెల్‌ఫోను నా చేతిలో పెట్టి, “సార్, ఈ వాక్యంలో ఎక్కడన్న సందు ఉన్నదేమో చూడండి” అన్నాడు. వాక్యం బాగుందా అని కాదు, సందు ఉన్నదా అని. ఇరవయ్యేళ్లుగా పిల్లలచేత వ్యాసాలు రాయిస్తున్నాను. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

అతను చూపించినది నేషన్‌స్టేట్స్ అనే ఆటలో పెట్టదలచిన తీర్మానపు ముసాయిదా. ఆస్ట్రేలియా నవలాకారుడు మాక్స్ బారీ 2002 నవంబరులో దీన్ని ఇంటర్నెట్‌లో ప్రారంభించాడు. 2003లో వెలువడిన తన నవల ‘జెన్నిఫర్ గవర్నమెంట్’కు ప్రచారం కల్పించడం అతని ఉద్దేశం. మనుషులు తాము పనిచేసే కంపెనీ పేరునే ఇంటిపేరుగా పెట్టుకునే ఒక లోకాన్ని ఎగతాళి చేసిన నవల అది. పుస్తకానికి ప్రకటనగా పుట్టిన ఆట మాత్రం ఇరవయ్యేళ్లు దాటినా నడుస్తూనే ఉన్నది. ఇందులో ఎవరైనా ఒక రాజ్యాన్ని సృష్టించుకోవచ్చు. దానికి పేరు, నినాదం, నాణెం పెట్టుకుని, రోజూ ఎదురయ్యే సమస్యలకు జవాబులు ఇస్తూపోతే ఆ జవాబులను బట్టి రాజ్యస్వభావం మారుతుంది. ఇంతవరకూ కాలక్షేపమే. రాజ్యాలన్నీ చేరగల ఒక ప్రపంచసభ ఉండడం, ఆ సభలో తీర్మానాలను ఆటగాళ్లే రాయవలసి రావడం అసలు సంగతి.

ఆ సభకు మొదట ఐక్యరాజ్యసమితి అనే పేరే ఉండేది. తమ పేరును, చిహ్నాన్ని అనుమతి లేకుండా వాడుకుంటున్నారని నిజమైన సమితి అభ్యంతరం తెలపడంతో 2008 ఏప్రిల్‌లో అది ‘వరల్డ్ అసెంబ్లీ’ అయింది. పాత తీర్మానాలన్నీ చరిత్రలో కలిశాయి. మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలైంది. పాత సభ మొట్టమొదటి తీర్మానం శీర్షిక ‘దుష్టకూటమిపై పోరాటం’ అని తెలుగు చేయవచ్చు. 2002 జనవరిలో అమెరికా అధ్యక్షుడు బుష్ వాడిన మాట అది. ఆ ఏడాది నవంబరు 8న భద్రతామండలి 1441వ తీర్మానంతో ఇరాక్‌ను ‘తీవ్ర పరిణామాలు’ ఉంటాయని హెచ్చరించింది. అదే నెలలో ఆట పుట్టింది. కల్పిత రాజ్యాలు మొదటిసారి నోరు విప్పినప్పుడు వాటి నోట వచ్చింది వైట్‌హౌస్ మాటే. కల్పన ఎక్కడి నుంచి ఊడిపడుతుందని వాదించే మిత్రులు ఈ చిన్న విషయాన్ని గమనించాలి.

ఇక రూపం సంగతి. సమితి తీర్మానం వ్యాకరణరీత్యా ఒకే ఒక్క వాక్యం. కర్త ముందు వస్తుంది: భద్రతామండలి, లేదా సర్వప్రతినిధిసభ. ఆ వెనుక గుర్తుచేసుకుంటూ, గమనిస్తూ, ఆందోళన చెందుతూ అంటూ ప్రస్తావన భాగం. తర్వాత అంకెలు వేసిన అమలు భాగం: నిర్ణయిస్తున్నది, కోరుతున్నది, ఖండిస్తున్నది. నాలుగు పేజీలైనా చివరనే పూర్ణవిరామం. ఇంగ్లీషు చదువరికి ఇది వింత వాక్యం. తెలుగువాడికి కాదు. చిన్నయసూరి శత్రర్థకమన్నది, క్త్వార్థకమన్నది మన నోళ్లలో రోజూ ఆడేదే. ‘పొద్దున్నే లేచి, గొడ్లకు మేతవేసి, చేను చూస్తూ, రోడ్డెక్కి’ అని ఎంత దూరమైనా సాగదీసి చివర ఒక్క సమాపకక్రియతో ముడివేయడం మన వాక్యానికి సహజగుణం. ఒక్క తేడా ఉన్నది. తెలుగులో క్రియ చివర వస్తుంది గనుక, చదువుతున్నవాడు ఆపేదాకా సభ ఖండించిందో, కేవలం విచారించిందో తెలియదు. మన సభల్లో తీర్మానాలు ‘విచారం వెలిబుచ్చుతున్నది’ దగ్గర ఎంత తరచుగా నీరుగారిపోతాయో ఆలోచిస్తే, ఈ వ్యాకరణ విషయం కేవలం వ్యాకరణం కాదనిపిస్తుంది.

ఒక మాట ఎంత బరువు మోయగలదో చెప్పడానికి ఆటదాకా పోనక్కరలేదు. 1967 నవంబరు 22న భద్రతామండలి ఏకగ్రీవంగా ఆమోదించిన 242వ తీర్మానం ఇటీవలి యుద్ధంలో ఆక్రమించిన భూభాగాల నుంచి ఇజ్రాయెల్ సేనలు వైదొలగాలన్నది. ఇంగ్లీషు పాఠంలో భూభాగాలకు ముందు నిర్దేశకమైన చిన్న పదం లేదు. ఫ్రెంచి పాఠంలో ఉన్నట్టు చదవవచ్చు. అన్ని భూభాగాలా, కొన్నేనా? అర్ధశతాబ్దం దాటినా ఆ వాదం తెగలేదు. తెలుగులో అసలు అటువంటి పదమే లేదు. మనం అనువదిస్తే ఆ తగాదా మొత్తం ‘భూభాగాల నుంచి’ అన్న మాటలో చప్పుడు లేకుండా మునిగిపోతుంది. 1990 నవంబరు 29 నాటి 678వ తీర్మానం కువైట్ విషయంలో ‘అవసరమైన అన్ని సాధనాలు’ వాడే అధికారం ఇచ్చింది. యుద్ధమన్న మాట వాడలేదు. 1991 జనవరిలో బాగ్దాద్ మీద బాంబులు పడ్డాయి. అలంకారశాస్త్రంలో దీనిని ఏమనాలో నాకు తెలుసు గాని, ఆ పేరు ఇక్కడ పెట్టబుద్ధి కావడం లేదు.

ఆట ఈ భాషనే పుణికిపుచ్చుకున్నది. అయితే ఒక ముఖ్యమైన విషయంలో నిజానికి ఎదురు నిలబడింది. నిజమైన సమితి సర్వప్రతినిధిసభ తీర్మానాలను రాజ్యాలు పక్కన పడేయవచ్చు, పడేస్తున్నాయి. ఆటలో అది కుదరదు. తీర్మానం నెగ్గిన క్షణంలో సభ్యరాజ్యాలన్నింటికీ అది చట్టం. మీ చట్టాలు తదనుగుణంగా మారాయని కబురు వస్తుంది. ఇష్టంలేకపోతే సభ నుంచి తప్పుకోవడమొక్కటే మార్గం. తప్పించుకునే దారి ఆచరణలో లేదు గనుక ఆ దారిని వాక్యంలోనే వెతుకుతారు. అందుకే సందుల గురించి అంత పట్టుదల. మనుషులందరికీ అని రాస్తే, మా రాజ్యంలో మనుషులే లేరు, వేరే జీవజాతి ఉన్నదని ఒకడు లేస్తాడు. అందువల్ల అక్కడి రచయితలు మనుషులనకుండా ‘ఆలోచనాశక్తిగల జీవులు’ వంటి మాట వాడతారు. మొదట నవ్వొచ్చింది. 1948 నాటి విశ్వమానవహక్కుల ప్రకటనలో మగవాళ్లందరూ అని అర్థమిచ్చే మాటను తీయించి మానవులందరూ అనే మాట పెట్టించడానికి మన హంసా మెహతా పట్టుబట్టవలసి వచ్చిందని గుర్తుకొచ్చాక నవ్వు ఆగింది.

ఇంతా చేసి, ఆ ఆటయంత్రం తీర్మానంలోని ఒక్క మాట కూడా చదవదు. రచయిత ముందుగా ఒక వర్గాన్ని ఎంచుకోవాలి: మానవహక్కులు, సామాజికన్యాయం, స్వేచ్ఛావాణిజ్యం, అంతర్జాతీయ భద్రత వగైరా. తర్వాత తీవ్రత ఎంతో చెప్పాలి. యంత్రం ఈ రెంటినే చూసి రాజ్యాల అంకెలు అటూ ఇటూ జరుపుతుంది. నెలల తరబడి కామాల మీద జరిగిన వాదనంతా యంత్రానికి శూన్యం. వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా అని మనం దశాబ్దాలుగా కొట్టుకుంటున్నాం గదా! యంత్రం వస్తువు పేరు చూసి మార్కులేసే పరీక్షాధికారి. మనలోనూ అటువంటి విమర్శకులున్నారు. కథలో రైతు కనిపించాడా, సమ్మె కనిపించిందా అని చూసి పుస్తకం మూసేస్తారు. ఆటలో మాటలను పట్టించుకునేది తోటి ఆటగాళ్లు మాత్రమే. తీర్మానం నియమబద్ధమా కాదా అని తేల్చడానికి వారిలోనే కొందరితో ఒక సచివాలయం కూడా ఉన్నది.

నన్ను ఎక్కువగా ఆకర్షించినవి రద్దు తీర్మానాలు. అక్కడ నెగ్గిన తీర్మానాన్ని సవరించడానికి వీలులేదు. రద్దు చేయడానికే వీలు. రద్దు కోరేవాడు మూలపాఠం తీసుకుని, ఈ మాటకు ఈ అర్థం వస్తుంది, ఫలానా వారిని వదిలేసింది, అందువల్ల చెప్పిన ఆశయానికే ఇది గండి కొడుతుంది అని నిరూపించాలి. మూలం చెప్పనిదాన్ని చెప్పిందని అంటగడితే అది చెల్లదు. కొత్త చట్టం ఒక్క ముక్క కూడా అందులో చేర్చకూడదు. ఇది అచ్చంగా విమర్శవ్యాసం. పాఠానికి కట్టుబడి ఉండు, అబద్ధం చెప్పకు, నీ కావ్యాన్ని ఇందులో దూర్చకు. మన పత్రికల్లో విమర్శకు ఈ మూడు నిబంధనలు పెడితే ఎన్ని వ్యాసాలు మిగులుతాయి? నేను రాసినవాటిలోనే రెండు మూడు ఎగిరిపోతాయి.

మరో రకం కూడా ఉన్నది. అది ఇంత ముచ్చటగా ఉండదు. అమలులో ఉన్న తీర్మానానికి విరుద్ధంగా కొత్తది పెట్టకూడదు గనుక, కొందరు తలుపు మూయడానికే తీర్మానం రాస్తారు. 2008లో నెగ్గిన అణ్వాయుధాల తీర్మానం ఈ బాపతు. అణ్వాయుధాలు తప్పుడు చేతుల్లో పడకుండా జాగ్రత్త పడాలని ఆదేశిస్తూనే, వాటిని ఉంచుకోవాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఏ రాజ్యానికి ఆ రాజ్యానికి వదిలేస్తుంది. అది నిలబడి ఉన్నంతకాలం నిషేధం కోరేవాడికి దారి లేదు. హక్కు ఇచ్చినట్టు కనిపిస్తూ ఒక డిమాండును పుట్టకముందే చంపే వాక్యం ఇది. పాలకవర్గాలు రాసే చట్టాలు చదివే అలవాటున్నవారికి ఈ పోకడ కొత్తకాదు.

ఓటు లెక్క కూడా చూడాలి. ఒక మనిషి ఎన్ని రాజ్యాలైనా నడపవచ్చుగాని సభలో ఒక్కదానికే చోటు. ఇది న్యాయంగానే ఉన్నది. కాని ప్రాంతీయ ప్రతినిధి చేయెత్తితే తనకు మద్దతిచ్చిన రాజ్యాల సంఖ్యంతా అతని ఓటుకు కలుస్తుంది. పెద్ద ప్రాంతాల ప్రతినిధులు నలుగురు ఒకవైపు మొగ్గితే, నాలుగురోజుల ఓటింగులో మొదటిరోజే గాలి ఎటున్నదో తెలిసిపోతుంది. వెనకవచ్చేవాళ్లు ఆ గాలికే ఊగుతారు. మా ఊళ్లో రచ్చబండ పంచాయితీ చూసినవాడికి దీన్ని వివరించనక్కరలేదు.

నా ప్రధానమైన అభ్యంతరం వేరు. ఈ సభలో మాట్లాడేది రాజ్యాలే. కూలిసంఘం లేదు, సమ్మె లేదు, ఊరేగింపు లేదు. జనం అంకెల రూపంలో ఉంటారు. పైనుంచి ఒక మంచివాక్యం దిగివస్తే కింద బతుకులు మారిపోతాయన్న నమ్మకాన్ని ఈ ఆట తెలియకుండానే నూరిపోస్తుంది. ఈ మాటే మా కుర్రవాడితో అన్నాను. అతను వాదించలేదు. ముసాయిదాను మళ్లీ నా ముందుకు జరిపాడు.

అది వ్యవసాయకూలీల వేతనం గురించినది. ఒప్పుకున్న వేతనాన్ని పని ముగిసిన ఏడురోజుల్లోగా చెల్లించాలని మొదటి అంశం. అతని తల్లి మిరపకోతలకు పోతుంది. నిజప్రపంచపు ఊళ్లను, మనుషులను ప్రస్తావించకూడదని ఆట నియమం గనుక, ఆ తల్లి గాని ఆ మిరపచేలు గాని ముసాయిదాలో ఎక్కడా లేవు. చదివాను. ‘పని ముగిసిన’ అన్న మాట దగ్గర ఆగాను. ఏడాది జీతానికి కుదిరిన పాలేరుకు పని ఎప్పుడు ముగిసినట్టు? ‘ఒప్పుకున్న’ అంటే ఎవరు? అడ్వాన్సు తీసుకున్ననాడు మేస్త్రీ చెప్పిన రేటా, కాటా దగ్గర ఆసామి చెప్పిన రేటా? అతను ఫోనులో గుర్తులు రాసుకున్నాడు. “కాటా సంగతి నాకు తట్టలేదు సార్. మా అమ్మను అడుగుత” అన్నాడు. ఒక కల్పిత సభకు రాసే వాక్యం కోసం కొడుకు తల్లిని కూలిలెక్కలు అడగడానికి పోయాడు. పై పేరాలో నేను చేసిన విమర్శను వెనక్కి తీసుకోను. అయితే ఈ సంగతిని దాని పక్కన పెట్టకపోవడం నిజాయితీ కాదు.

నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా ఉపాధ్యాయుల సమావేశంలో ఒక తీర్మానం ముసాయిదా చేసే పని నాకు అప్పగించారు. ఉపాధ్యాయులందరికీ ప్రతినెలా ఒకటో తేదీన జీతం చెల్లించాలని రాశాను. ‘అందరికీ’ అన్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. చప్పట్లతో నెగ్గింది. ఆ తర్వాత గౌరవవేతనం మీద పనిచేస్తున్న ఒకామె, అప్పటికి నాలుగు నెలలుగా డబ్బు అందనామె, ఆ కాగితం పట్టుకుని ఒక కార్యాలయానికి పోయింది. మీరు రికార్డుల్లో బోధకులే గాని ఉపాధ్యాయులు కాదు, ఇది మీకు వర్తించదన్నారట. ఆమె నా దగ్గరికి వచ్చి కోపగించలేదు. “మేం ఇందులో ఉన్నమనుకున్నం సార్” అన్నది. నేను ‘అందరికీ’ చూసుకున్నాను, ‘ఉపాధ్యాయులు’ను చూసుకోలేదు. ఎమ్మేలో మూడేళ్లు కాదు, ముప్పయ్యేళ్లు చదివినా ఆ సందు నాకు కనిపించేది కాదేమో. దానిలోనుంచి బయటపడేసింది నన్ను కాదు గదా.

వచ్చేనెల మళ్లీ సమావేశం ఉన్నది. ఈసారి ముసాయిదా నేనే అడిగి తీసుకున్నాను. ఆటలోవాళ్ల పద్ధతిలో మొదటి పేరా నిర్వచనంతో మొదలుపెట్టాను: ఈ తీర్మానంలో ఉపాధ్యాయులు అనగా, నియామకం ఏ పేరున జరిగినా, వేతనం ఏ పద్దు నుంచి వచ్చినా, ప్రభుత్వపాఠశాలలో పాఠం చెప్పేవారందరూ. పోయిన ఆదివారం ఆమెకు చదివి వినిపించాను. ఆమె కాగితం తీసుకుని తనే మరొకసారి చదువుకున్నది. “ఎండాకాలం సెలవుల్లో మేం పాఠం చెప్పంగద సార్, అప్పుడు మేం ఉన్నట్టా, లేనట్టా?” అని అడిగింది. ఆ పేరా మళ్లీ రాస్తున్నాను.