వ్యాను ఎక్కడ ఆపాలి?

హోసూరు దగ్గర కెలమంగలం దాటినాక సైకిళ్ల సపోర్టు వ్యాను ఎక్కడ ఆపాలన్న దాని మీద మా వాళ్లలో ఎప్పుడూ రభసే. ఎత్తు మొదలయ్యే చోట చింతచెట్టు నీడ ఉంది, అక్కడ ఆపుదామంటాడు డ్రైవరు. ఎత్తు మధ్యలో ఆపితే ఫొటోలు బాగా వస్తాయంటాడు ఇంకొకడు. ఎత్తు ముగిసి రోడ్డు చదునైనాక ఇంకో రెండు వందల గజాలు ముందుకు పోయి ఆపాలన్నది నా పట్టు. కింద ఆపితే, తిన్నది కడుపులో కదులుతుండగానే ఎక్కాలి. మధ్యలో ఆపితే, పెడలుకు బిగించుకున్న బూటు ఊడదీసి, మళ్లీ అదే ఎత్తులో బిగించుకోవడం ప్రాణం మీదికొస్తుంది. సరిగ్గా పైన ఆపితే ఆయాసంతో ముద్ద మింగుడు పడదు. ఆ రెండు వందల గజాలు తొక్కేలోపు ఊపిరి కుదుటపడుతుంది, చెయ్యి నీళ్ల సీసా కోసం తడుముకుంటుంది. మేం కనబడాల్సింది అప్పుడు.

చలికాలం వచ్చిందంటే బెంగళూరు నుంచి సైకిళ్ల జట్లు మా వైపు దిగుతాయి. ఒక జట్టు ఆస్పత్రి కోసం, ఇంకొకటి బడిపిల్లల కోసం. తెలిసినవాళ్ల దగ్గర చందా పోగుచేసి, అందుకు బదులుగా వందల కిలోమీటర్లు తొక్కుతారు. ఈ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాణ్ని కాబట్టి దారి చూపేందుకు, నీళ్లు అందించేందుకు వ్యానెక్కాను. తొక్కడంకన్నా ఇదే నాకు నచ్చింది.

మా నేల సైకిలువాళ్లను మోసం చేస్తుంది. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. కృష్ణగిరి అక్కడికి నాలుగు వందల మీటర్ల దాకా కింద ఉంటుంది. పోయేటప్పుడు అందరూ శూరులే. తిరుగు ప్రయాణంలో ఆ నాలుగు వందల మీటర్లూ వడ్డీతో వసూలవుతాయి, అదీ మిట్టమధ్యాహ్నం. కెలమంగలం, రాయకోట దారుల్లో పెద్ద కొండలేమీ అడ్డం రావు. చెరువు కట్ట ఎక్కు, దిగు, రాతిగుట్ట పక్కన ఇంకోటి ఎక్కు. గులాబీలు పెంచే పాలీహౌసులు, టమాటా లారీలు చూసుకుంటూ పోయేవాడికి మోకాళ్లు ఎప్పుడు అయిపోయాయో తెలియదు.

ఏనుగుల సంగతి వేరే. రాగి పంట కోతకొచ్చే రోజుల్లో బన్నేరుఘట్ట వైపు నుంచి మందలు మా అడవుల్లోకి వస్తాయి. డెంకణికోట, జవళగిరి దారుల్లో తెల్లారకముందే సైకిళ్లు వదిలితే నిశ్శబ్దంగా వచ్చే చక్రాన్ని ఏనుగూ వినదు, లైటు వెలుగు దాటి మనిషీ చూడడు. ముందురోజు సాయంత్రమే అడవికి ఆనుకున్న ఊళ్లలో అడిగి తెలుసుకుంటాం. మంద దగ్గర్లో ఉందంటే ఆ పొద్దుకు టైంటేబులు చించెయ్యాల్సిందే. ఈ మాట నగరం నుంచి వచ్చిన కెప్టెన్లకు ఒక పట్టాన ఎక్కదు.

ఇక పంక్చర్లు. పెద్ద రోడ్డు అంచున లారీ టైర్లు పేలి రాలిన సన్నని ఇనుప తీగ ముక్కలుంటాయి, వెంట్రుక మందాన. కొత్తవాడు ట్యూబు మార్చి, గాలి కొట్టి, కిలోమీటరు పోయి మళ్లీ దిగుతాడు. కారణం తీగ టైరులోనే ఉంది. వేలితో తడిమితే తెలియదు, తెలిసిందంటే వేలు తెగినట్టే. పాత బనీను గుడ్డ ముక్కను టైరు లోపల ఒక చుట్టు తిప్పాలి. ఎక్కడ దారప్పోగు చిక్కుకుందో అక్కడ తీగ ఉంటుంది. పట్టకారుతో పట్టి బయటికి లాగాలి. మా పెట్టెలో విదేశీ పనిముట్లు ఎన్నున్నా ఈ బనీను గుడ్డను ఎవరినీ పారెయ్యనివ్వను.

ఒకసారి కెలమంగలంలో టీ అంగడి ముందు సైకిళ్లన్నీ వరసగా ఆపి ఉంటే, అనపకాయల మూట దించుకుని కూర్చున్న ఒక అవ్వ నన్ను పిలిచి అడిగింది.

"ఏమప్పా, బస్సుకు దుడ్లు లేకనా వీళ్లు ఇట్ల తొక్కేది?"

"లేదవ్వా, లేనోళ్లకిచ్చేకి దుడ్లు కూడేస్తా ఉండారు."

"ఆ బండికి, మీ కూటికి, ఆ నూనెకు ఎవురిస్తారు మళ్ల? కూడేసిన దాంట్లోనేనా?"

ఏ ఆడిటరూ ఇంత సూటిగా అడగడు. వ్యానుకు డీజిలు, రాత్రి బసకు గదులు, మెకానిక్కు కూలి, అంబులెన్సు ఉంటే దాని అద్దె. నా మట్టుకు నాకు ఈ విషయంలో రెండో మాట లేదు. ఆ ఖర్చు తొక్కేవాడు తన జేబు నుంచి పెట్టుకోవాలి. చందా ఇచ్చినవాడి రూపాయి వాడు ఎవరికని ఇచ్చాడో వాళ్లకే పోవాలి. ఈ లెక్కలు రెండు పుస్తకాల్లో రాసి అడిగినవాళ్లకు చూపించే జట్లతోనే పోతాను. బ్యానరు ఎంత పెద్దదైనా, రెండో పుస్తకం లేని జట్టుకు నేను దారి చూపను.

ఇలాంటి ప్రయాణాల్లో అందరికీ తెలిసిన పేరు టెరీ ఫాక్స్. కెనడా కుర్రాడు. ఎముక క్యాన్సరుతో కుడికాలు పోయినా, క్యాన్సరు పరిశోధనకు డబ్బు కోసం 1980 ఏప్రిల్ 12న దేశానికి ఒక చివర మొదలుపెట్టి కృత్రిమ కాలితో 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. క్యాన్సరు ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిపోయాడు. తన పరుగును అడ్డం పెట్టుకుని ఏ కంపెనీ లాభపడకూడదని పట్టుబట్టిన మనిషి. మా అవ్వకు నచ్చేవాడు. అతని స్నేహితుడు డగ్ ఆల్వార్డ్ గురించి మాత్రం ఎవరూ చెప్పుకోరు. వ్యాను నడిపిందీ, వంట చేసిందీ అతనే. మైలు ముందుకు పోయి ఆగడం, టెరీ రాగానే నీళ్లివ్వడం, మళ్లీ మైలు ముందుకు. మొదటి రోజుల్లో ఇద్దరికీ పడలేదు కూడా. పడకపోయినా మైలు దగ్గర వ్యాను ఉంది. ఈ పనిలో నాకు గురువంటూ ఉంటే ఆయనే.

మన దగ్గర హైదరాబాదు ఆదిత్య మెహతా ఉన్నారు. రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, 2013 ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రజతాలు గెలిచినవారు. ఆయన ఫౌండేషను బీఎస్ఎఫ్‌తో కలిసి 2020 నవంబరులో శ్రీనగర్‌లో బయలుదేరిన ఇన్ఫినిటీ రైడ్‌ను డిసెంబరు ఆఖరుకు కన్యాకుమారి చేర్చింది. ఇలాంటి యాత్రల్లో వెంట ఉండేవాళ్ల పనే వేరుగా ఉంటుంది. కృత్రిమ కాలు లోపలి తొడుగులో చెమట చేరితే చర్మం ఒరుసుకుపోతుంది, ఆగిన చోటల్లా విప్పి తుడిచి ఆరబెట్టాలి. కాలు తీసేసి ఒంటికాలితో తొక్కేవాళ్లు ఆగేటప్పుడు పట్టుకునే చెయ్యి సిద్ధంగా ఉండాలి. చేతులతో తొక్కే బండి నేలకు బాగా దగ్గరగా ఉంటుంది, లారీ డ్రైవరు కంటికి ఆనదు. వెనక జెండా కట్టాలి, దానికి వెనక వ్యాను కాపు కాయాలి.

సాయం ఎక్కడ ఆపాలన్నదీ ఈ పనిలో భాగమే. 1913 టూర్ డి ఫ్రాన్స్‌లో క్రిస్టోఫ్ అనే ఆయన సైకిలు ముందు ఫోర్కు కొండ మీద విరిగింది. ఎవరి సాయమూ తీసుకోకూడదన్నది అప్పటి నియమం. పది కిలోమీటర్లకు పైగా సైకిలు మోసుకుంటూ నడిచి, ఊళ్లో కొలిమి దగ్గర తన చేత్తోనే ఇనుము కాల్చి అతికాడు. కొలిమితిత్తి ఒక పిల్లవాడు ఊదాడని దానికీ శిక్ష వేశారు. అంత కర్కశం అక్కర్లేదు. కాని ఎత్తులో వెనక నుంచి తోసెయ్యడం, అడగకుండానే సైకిలు వ్యానులో వేసెయ్యడం నాకు గిట్టదు. తొక్కేవాడి మొహం పాలిపోయి, మాట తడబడి, చెమట పట్టడం ఆగిపోయిందా, అప్పుడు మాత్రం బతిమాలడాల్లేవు, ఎక్కించెయ్యడమే. ఇంకొకటి, దూరం గురించి అబద్ధం చెప్పకూడదు. "ఇంకొంచెమేనన్నా, వచ్చేసింది" అని ఉత్సాహపరచబోతారు కొత్తవాళ్లు. పద్దెనిమిది కిలోమీటర్లుంటే పద్దెనిమిదని చెప్పాలి. ఒకసారి మోసపోయినవాడు మళ్లీ మన మాట విని నీళ్లు కూడా తాగడు.

తిండి విషయంలో జట్లు తెచ్చుకునే రంగు రంగుల జెల్లులకు నేను వ్యతిరేకిని కాను. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలంటారు, పడితే చాలు. మూడోరోజుకు మాత్రం ఆ తీపి ఎవరికీ పోదు. అప్పుడు ఉప్పేసిన ఉడకబెట్టిన ఆలుగడ్డ, చల్ల తీస్తే ఎగబడతారు. రాత్రి బసలో పితికిపప్పు, రాగి సంగటి పెట్టిస్తే మరునాడు ఎత్తుల గురించి ఎవరూ గొణగరు.

ఈసారి మాతో వస్తామని ఊళ్లో పిల్లకాయలు అడుగుతున్నారు. రండి. రెండో గేరులో గంటసేపు విసుక్కోకుండా బండి నడపడం నేర్చుకోండి. సొంత కంచం తెచ్చుకోండి. సైకిలు మాత్రం తేవద్దు. తెచ్చారంటే తొక్కాలనిపిస్తుంది, వ్యానుకు మనిషి ఉండడు.